జపాన్ తోటలో వేడినీళ్ళు

ఛత్రినాకలో జపాన్ తోట వేస్తానన్న మనిషిని మీరెక్కడైనా చూశారా? బిందుమాధవి చూసింది. చూడ్డమేమిటి, పదకొండేళ్ళుగా ఆ మహానుభావుడికి అన్నం వార్చి పెడుతోంది.

ఆ మనిషి ఆవిడ మొగుడు క్రాంతి. బీమా కంపెనీలో ఆఫీసరు. తణుకు నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చి, నాలుగేళ్ళు అద్దె వాటాల్లో సర్దుకుని, ఏడాదిన్నర కిందట ఛత్రినాక సందులో ఈ పాత ఇల్లు కొన్నాడు. అబ్దుల్ వాహెద్ అని ఒక పెద్దాయన అమ్మిన ఇల్లు అది. ముందు రెండు గదులు, వాటి వెనక వంటిల్లు, వంటింటి తలుపు తీస్తే పెరడు. ఆ పెరడు చూసే బిందు ఇల్లు కొనడానికి ఒప్పుకుంది. నేలంతా షాబాదు బండలు పరిచి, గోడ వారన మాత్రం రెండు మూరల మేర మట్టి వదిలారు. ఆ మట్టిలో కరివేపాకు మొక్క నాటింది, పుదీనా పెట్టింది, ఓ మూల నాలుగు కనకాంబరాలు వేసింది. వానలు పడితే బండల సందుల్లోంచి గరిక వచ్చేది. వస్తే రానీ, దాని మానాన అది ఉంటుంది అనుకునేది.

శ్రావణమాసంలో క్రాంతికి గ్రాఫు కాగితం దొరికింది. అంతే, పెరటికి ప్లాన్లు గీసే పిచ్చి పట్టుకుంది. నెలాఖరున ఆఫీసులో కొత్త మేనేజరునీ, ఆయన భార్యనీ భోజనానికి పిలిచాడు. వాళ్ళకి పెరడు చూపించాలట.

"తోటకి ఒక థీమ్ ఉండాలి బిందూ. థీమ్ లేకపోతే అది తోట కాదు, తుప్ప."

"మనది తోటని ఎవరన్నారు? పెరడు."

"అదే మార్చాలి అంటున్నాను."

మొదట రాజస్థాన్ అన్నాడు. తర్వాత గోవా అన్నాడు. ఒక పూటంతా ఎద్దుబండి చక్రం పెట్టి పల్లెటూరి థీమ్ అన్నాడు. పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళం, మళ్ళీ పల్లెటూరు కొనుక్కోవడం ఏమిటని బిందు నవ్వేసరికి మొహం గంటు పెట్టుకుని, చివరికి జపాన్ దగ్గర ఆగాడు. తెల్ల గులకరాళ్ళు, ఒక రాతి దీపం, వెదురు కంచె, మధ్యలో బుద్ధుడు. ఇంకేం ఉండకూడదు. ఖాళీయే అందమట.

"మరి నా కరివేపాకు?"

"జపాన్‌లో కరివేపాకు ఉండదు."

"జపాన్‌లో పప్పుచారూ ఉండదు. రేపట్నుంచి మానేద్దామా?"

ఆయన మళ్ళీ గ్రాఫు కాగితం మీదికి వంగాడు. మర్నాడు బిందు కూతురు మృదులని బడి నుంచి తీసుకొచ్చేసరికి కరివేపాకు మొక్క వేళ్ళతో సహా గోడకి చేరగిలబడి ఉంది. పుదీనా మడి లేదు. కనకాంబరాలు చెత్తబుట్టలో ఉన్నాయి. బిందుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవర్నడిగి పీకారంటే, "నువ్వేగా మొన్న సరేనన్నావు" అన్నాడు.

అదీ ఆయన వరస. కారు వెనక్కి తీస్తూ గేటుకి కొడితే, బిందు పిలిచింది అందుకే అటు చూశానంటాడు. తను చూస్తుండగా పాలు పొంగితే బిందు మంట తగ్గించలేదంటాడు. తప్పు చేయడం మానవ సహజం, ఒప్పుకుందాం. కానీ చేసిన తప్పుని చేతిలో పెట్టుకుని, ఎవరి నెత్తిన రుద్దుదామా అని చుట్టూ చూసే మొహం ఉంటుందే, ఆ మొహాన్ని రోజూ చూస్తూ కాపురం చేయడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

బుద్ధుణ్ణి ధూల్‌పేటలో విగ్రహాలు చేసే దుర్గయ్య దగ్గర చేయించాడు. పాపం దుర్గయ్య వినాయకచవితి పనిలో ఊపిరాడకుండా ఉన్నాడు. అదే చేత్తో బుద్ధుణ్ణీ చేసిచ్చాడు. ధ్యానంలో కూర్చున్న స్వామికి నిక్షేపంలా బొజ్జ వచ్చింది. మృదుల చూసి తొండమేదని అడిగింది. బిందుకి ఆ వారంలో నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

ఇక్కడ ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇల్లు కొన్న కొత్తలో పక్కింటి ఖుద్సియా సొరకాయ ఖీరు గిన్నె పట్టుకుని వచ్చింది. ఇల్లమ్మిన వాహెద్ గారికి స్వయానా చెల్లెలు. ఆ పెరట్లోనే ఆడుకుని పెరిగిన మనిషి. రెండిళ్ళ పెరళ్ళకీ మధ్య ఛాతీ ఎత్తు గోడే అడ్డం. ఖీరు చేతికిచ్చి, వెళ్తూ వెళ్తూ ఆగింది.

"బిందూ, ఒక్క ముచ్చట చెప్త, నారాజ్ గాకు. పెరట్ల వేడినీళ్ళు పారబోసేటప్పుడు ముందుగాల ఒక్క మాట చెప్పి పొయ్యి. మేమైతే బిస్మిల్లా అంటం. నీకేది వస్తే గది అను. జరగమను, చాలు."

"ఎవర్ని జరగమనాలి ఆపా?"

"ఉన్నోళ్ళని."

అంతకన్నా ఆవిడ చెప్పలేదు, బిందూ గుచ్చి అడగలేదు. అందులో అడగడానికి ఏముంది? తణుకులో వాళ్ళ నాయనమ్మ కూడా వేడి గంజి నేల మీద పోయనిచ్చేది కాదు, భూదేవికి కాలుతుందనేది. క్రాంతికి అన్నం పొడిపొడిగా ఉండాలి గనుక రెండు పూటలా గంజి వార్చాల్సిందే. వార్చిన గంజి పెరట్లో పోసే ముందు "తొలగండమ్మా" అనేది. మూడు లెక్కపెట్టి, అప్పుడు పోసేది. ఏడాదిన్నరలో ఒక్క పూట తప్పలేదు. ఆ పెరట్లో ఏ చీకూ చింతా లేదు. క్రాంతి మాత్రం, గంజితో మాట్లాడుతున్నావా అని ఎకసెక్కాలు పోయేవాడు.

ఆదివారం సాయంత్రం క్రాంతి రెండు పెద్ద గిన్నెల నిండా నీళ్ళు స్టవ్ మీద పెట్టాడు. గులకరాళ్ళు పరిచేముందు బండల సందుల్లో గరిక చావాలి. పీకితే మళ్ళీ వస్తుంది, మరిగే నీళ్ళు పోస్తే వేరుతో సహా చస్తుందని ఫోనులో ఎవడో చెప్పాడట. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజా అప్పుడే అయిపోయింది. వాన వెలిసి సందు సద్దుమణిగింది. నీళ్ళు తెర్లుతున్నాయి. క్రాంతి గుడ్డలు పట్టి మొదటి గిన్నె దించి, పెరట్లోకి నడిచాడు. మృదుల పెన్సిలు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఏం జరిగినా చూడాలి.

"ఒక్క మాట చెప్పి పోయండి" అంది బిందు.

"ఎవరికి? గరికకా?"

"ఎవరికైతేనేం. తొలగమంటే మీ సొమ్మేం పోతుంది?"

"ఇదిగో, ఇందుకే ఈ దేశంలో ఒక్క తోటా బాగుపడదు" అని, గోడ దగ్గర కొంచెం కుంగిన బండ ఒకటుంటే దాని సందులోకి ఒక్కసారిగా వంపేశాడు.

ఆవిరి లేచింది. ముందు తడి మట్టి వాసన. తర్వాత ఉడికిన గడ్డి వాసన. ఆ తర్వాత ఇంకోటి, వెంట్రుకలు కాలిన వాసన, సన్నగా.

బండ కింద ఒక ఎక్కిలి వినిపించింది. పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టే ముందు ఊపిరి పట్టేస్తుందే... అది. ఒకటి, రెండు, మూడు... ఆ ఊపిరి వదిలాక లేచింది ఏడుపు. నేల కింద నుంచి. గోల గోలగా కాదు. బిడ్డకి ఏడవడానికి కూడా ఓపిక చాలనట్టు.

క్రాంతి వంగి విన్నాడు. విన్నాడని బిందు ఎవరి ముందైనా ప్రమాణం చేస్తుంది. చెవి అటు పెట్టి, నోరు తెరుచుకుని, ముగ్గురు మనుషులు వినేంత సేపు విన్నాడు. తర్వాత తలెత్తి భార్య మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు.

"పిల్లి" అన్నాడు.

లోపలికొచ్చి రెండో గిన్నె దించాడు. "వద్దండీ" అని బిందు చెయ్యి పట్టుకుంటే, కాలుతుంది వదలమని విదిలించుకున్నాడు. తీసుకెళ్ళి అదే బండ మీద, అదే సందులోకి పోశాడు.

ఏడుపు ఆగిపోయింది.

"చూశావా, పోయింది పిల్లి" అన్నాడు. ఆ నిమిషాన బిందుకి మొగుడంటే భయం వేసింది. భయం వెనకే అసహ్యం వేసింది.

పిల్లని లోపలికి లాక్కుపోయి కూర్చోబెట్టింది. అంతలో కరెంటు పోయింది. బిందు వంటింట్లో దీపం కోసం తడుముకుంటోంది. క్రాంతి ఫోను వెలుగులో పెరట్లోనే గులకరాళ్ళకి కొలతలు పెడుతున్నాడు. గోడ వైపు నుంచి ఆడగొంతు వినిపించింది. మెల్లగా, అలసిపోయినట్టు.

"ఎవరు పోసిన్రు?"

క్రాంతి చేతిలో టేపు చుట్టుకుంటున్న చప్పుడు ఆగింది. "ఆఁ? ఖుద్సియా గారా?"

"నీళ్ళు... ఎవరు పోసిన్రు?"

"అబ్బే, మా పాపండీ. చిన్నపిల్ల. తెలియక పోసేసింది."

గోడ వైపు నుంచి ఇంక మాట లేదు. బిందు అగ్గిపుల్ల గీస్తూ గీస్తూ ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది. విసవిసా పెరట్లోకి వచ్చి, దాని పేరెందుకు చెప్పారని నిలదీసింది.

"ఆవిడ చేత క్లాసు ఎవడు పీకించుకుంటాడు? పెద్దవాళ్ళంటే పది నీతులు చెబుతారు. చిన్నపిల్ల అంటే పోనీలే అంటారు. ఆ మాత్రం లౌక్యం తెలియదా?"

లౌక్యమట. ఎనిమిదేళ్ళ పిల్లని అడ్డం పెట్టుకోవడానికి ఎంత ముచ్చటైన పేరు పెట్టాడో చూడండి.

ఆ రాత్రి మృదుల అన్నం తినలేదు. ఒళ్ళు ముట్టుకుంటే పెనం. థర్మామీటరు పెడితే మామూలే చూపిస్తోంది. నుదుటి మీద వేసిన తడిగుడ్డ నిమిషంలో ఆరిపోతోంది. సోమవారం పొద్దున డాక్టరు చూశాడు. జ్వరమే లేదమ్మా అన్నాడు. చెయ్యేసి చూసి చటుక్కున తీసేసి, ఇంకోసారి థర్మామీటరు పెట్టాడు. ఏవో మందులు రాసిచ్చాడు.

సోమవారం సాయంత్రం తెల్ల గులకరాళ్ళ బస్తాలొచ్చాయి. క్రాంతి ఆఫీసు నుంచి రాగానే పరిచేశాడు. పిల్ల మంచంలో మూలుగుతోంది, తను దువ్వెన లాంటి దంతె పట్టుకుని రాళ్ళలో అలలు గీస్తున్నాడు. ఆ కుంగిన బండ మీద వేసిన రాళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. వాటిని తీసి వేరేవి వేశాడు. అవీ తడిశాయి. మెల్లగా ఆవిరి వస్తోంది వాటి నుంచి.

"అమ్మా" అంది మృదుల. "ఆవిడ మళ్ళీ వచ్చింది."

గదిలో ఎవరూ లేరు.

"ఎవరమ్మా?"

"ఏ చేత్తో పోసినవ్ అని అడుగుతోంది. నేను పొయ్యలేదన్నా. మీ నాయిన చెప్పిండు అంటోంది."

బిందు పిల్లని ఒళ్ళోకి లాక్కుని తెల్లవార్లూ గోడకి వీపు ఆనించి కూర్చుంది. పక్క గదిలో క్రాంతి గురక పెట్టి నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున్నే గోడ దగ్గరికి పరిగెత్తింది. "ఆపా, ఆదివారం సాయంత్రం మీరు అడిగారే, నీళ్ళు ఎవరు పోశారని..."

ఖుద్సియా చేతిలో బట్టల బకెట్టు కింద పెట్టింది. "ఆదివారం నేనేడున్న? షాహెద్ ఇంట్ల ఉంటి. నిన్న రాత్రి వచ్చిన."

షాహెద్ ఆవిడ పెద్దకొడుకు, టోలీచౌకీలో ఉంటాడు. బిందు గోడ పట్టుకుంది. జరిగిందంతా చెప్పింది. రెండుసార్లు పోసిన సంగతీ చెప్పింది. ఏడుపు సంగతి వచ్చినప్పుడు ఖుద్సియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"విని గుడ పోసిండా?"

"విన్నాడు. విని పోశాడు."

"యా అల్లా." ఆవిడ బండ వైపు చూడకుండా మాట్లాడింది. "గా బండ కిందున్న తల్లి అడిగింది. ఈయన పేరు చెప్పిండు. తండ్రి నోట బిడ్డ పేరు వచ్చినంక గామె ఇంకోల్ల దగ్గరికెందుకు పోతది?"

"నేను చెప్తాను. ఇప్పుడే చెప్తాను, పోసింది ఆయనని."

"నువ్ తల్లివి బిందూ. బిడ్డ కోసం తల్లి అబద్ధమన్నా ఆడుతది. గది గామెకు ఎరుకనే. గామె గుడ తల్లే." ఖుద్సియా గొంతు తగ్గించింది. "చెప్పిన నోరే మల్ల తిప్పుకోవాలె. మగ్రిబ్ యాల్లకు, ఆడనే నిలబడి, నేను పోసిన అనాలె. మాఫీ అడగాలె. ఇయ్యాల్నే."

బిందు ఆఫీసుకి ఫోను చేసి క్రాంతిని పిలిపించింది. వచ్చాడు, మండిపడుతూ వచ్చాడు. చదువుకున్నవాళ్ళం, నలుగురు వింటే నవ్విపోతారన్నాడు. గోడ పక్క మాటలు విని కొంపలు ముంచుకుంటావన్నాడు. అంటించేది నువ్వు, ఆర్పేది నేనా అన్నాడు. బిందు విన్నంతసేపు వింది. తర్వాత పిల్ల కాళ్ళ మీద దుప్పటి తీసి చూపించింది. అరికాళ్ళు రెండూ ఎర్రగా కమిలి ఉన్నాయి.

"నువ్వు వెళ్ళి చెప్తావా, చెప్పవా?"

పదకొండేళ్ళలో మొగుణ్ణి నువ్వు అనడం అదే మొదలు. క్రాంతి ఆ మాటకే ఎక్కువ అదిరిపోయాడు.

పొద్దు వాలింది. అజా మొదలైంది, ఆగింది. క్రాంతి వంటింటి తలుపు తీసి గడప మీద నిలబడ్డాడు. బిందు పిల్లని భుజాన వేసుకుని వెనక నిలబడింది. పెరట్లో తెల్లరాళ్ళు, వాటి మధ్య బొజ్జతో బుద్ధుడు, రాతి దీపం. గాలి లేదు. రాళ్ళలో గీసిన అలలు కొన్నిచోట్ల చెరిగి ఉన్నాయి. బండ నుంచి గోడ దాకా, గోడ నుంచి మళ్ళీ బండ దాకా... ఎవరో పచార్లు చేసినట్టు.

ఉడికిన గడ్డి వాసన. ఆ వెనకే వెంట్రుకల వాసన.

"ఎవరు పోసిన్రు?"

ఈసారి గోడ వైపు నుంచి కాదు. గడప కింది నుంచి.

క్రాంతి కిందికి చూశాడు. ఏం చూశాడో వెనక నిలబడ్డ బిందుకి కనిపించలేదు. ఆయన మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం కనిపించింది.

"చెప్పు" అంది బిందు, పళ్ళ బిగువున.

"నే... నే..."

"చెప్పు. ఒక్క మాట."

"పాప" అన్నాడు క్రాంతి. "చెప్పాను కదండీ... పాపే..."

భుజం మీద మృదుల కెవ్వుమంది. కుడి చెయ్యి. వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా బొబ్బ లేచింది, బిందు కళ్ళ ముందే.

బిందు ఆ మనిషి చెంప పగలగొట్టింది. పిల్లని ఎత్తుకుని, ఫోను జాకెట్లో దోపుకుని, చెప్పుల్లేకుండా సందు చివరికి పరిగెత్తింది. ఆటో దొరికింది. పిల్లల ఆసుపత్రికి పోనీయమంది. డ్రైవరు, గడ్డం నెరిసిన మనిషి, పిల్ల చెయ్యి చూసి ఇంకేం అడగకుండా బండి తిప్పాడు.

లాల్‌దర్వాజ దాటేసరికి ట్రాఫిక్ ఆగిపోయింది. మృదుల ఏడ్చే ఓపిక కూడా లేక ఎగశ్వాసగా ఉంది. బిందు పిల్ల చేతి మీద ఊదుతోంది. ఊదుతూ తిడుతోంది. మొగుణ్ణి తిట్టింది, గ్రాఫు కాగితాన్ని తిట్టింది, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని సర్దుకుపోయిన తనను తను తిట్టుకుంది.

ఫోను మోగింది. క్రాంతి.

"బిందూ..." గుసగుస. "లోపలికొచ్చింది..."

బిందు ఫోను చెవికి నొక్కి పట్టుకుంది.

"పడగ్గది తలుపు వేసుకున్నాను... తలుపు దగ్గరే ఉంది... చేతుల్లో ఏదో ఉంది బిందూ... గుడ్డలో చుట్టి... బిందూ, ఏం చెయ్యమంటావ్..."

"నిజం చెప్పు" అంది. "చావు ముందుకొచ్చినా సరే. నేను పోశానను. నీ కూతురు చస్తోంది ఇక్కడ."

అవతల ఆ గొంతు, దూరంగా, తలుపుకి అవతల నుంచి. ఎవరు పోసిన్రు.

బిందు ఊపిరి బిగబట్టింది.

"మా ఆవిడ" అన్నాడు క్రాంతి. "బిందు... బిందుమాధవి పోసింది. ఇంట్లో లేదు. వెళ్ళిపోయింది."

అదీ సంగతి. భార్య చెవిలో ఫోను ఉందని తెలిసి కూడా అన్నాడు.

ఒళ్ళో పిల్ల పెద్దగా నిట్టూర్చింది. నుదురు చల్లబడింది. బొబ్బ అలాగే ఉంది గానీ దాని చుట్టూ ఎరుపు తగ్గిపోయింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి మృదుల కళ్ళు మూసుకుని మామూలుగా ఊపిరి తీసుకుంది. బిందు పిల్ల తల మీద చెయ్యి వేసి ఏడ్చింది. సంతోషానికి ఏడ్చింది, కోపానికీ ఏడ్చింది.

అప్పుడు ఆటోలో వాసన వచ్చింది. ఉడికిన గడ్డి.

పక్క సీటు ఖాళీగానే ఉంది. కానీ రెగ్జిను మీద తడి మరక... మెల్లగా పెద్దదవుతోంది. ఎడమ చెవి పక్కన వేడి ఊపిరి తగిలింది.

"మొన్న బిడ్డ అన్నడు" అంది ఆ గొంతు. "ఇయ్యాల నువ్ అంటున్నడు."

బిందు అటు తిరగలేదు. తిరగాలనిపించలేదు కూడా. భయపడాల్సిన చోట భయం రాలేదు ఆవిడకి. కడుపులో మంట ఒకటే ఉంది.

"ఎవరు పోసిన్రు?"

"వాడు" అంది బిందు. ఇంతమందిలో, ఇంత రొదలో, మామూలు గొంతుతోనే అంది. "ఈ ఫోనులో ఉన్నవాడు. రెండుసార్లు పోశాడు. మొదటిసారి తెలియక పోశాడు. నీ బిడ్డ ఏడుస్తుంటే చెవి పెట్టి విని, రెండోసారి పోశాడు. నేను చూశాను."

చెవి పక్కన ఊపిరి ఆగింది. ఎక్కువసేపు ఆగింది.

తర్వాత వాసన పోయింది.

ముందు బండ్లు కదిలాయి. డ్రైవరు గేరు మార్చి, భద్రమమ్మా అని ఆటో ముందుకు దూకించాడు. బిందు ఫోను చూసుకుంది. కాల్ ఇంకా నడుస్తోంది. చెవికి పెట్టుకుంది.

అవతల తలుపు గడియ తీసిన చప్పుడు. కాసేపటికి క్రాంతి మాట్లాడాడు. ఆ గొంతు బిందు ఎప్పుడూ వినలేదు. మెత్తగా, ఒద్దికగా, ఏ వంకా లేకుండా.

"ఇటివ్వండి" అన్నాడు. "పాపని ఇటివ్వండి... నేనెత్తుకుంటాను."

గుడ్డ విప్పుతున్న చప్పుడు.

"ఎక్కడ పట్టుకోమంటారు..." క్రాంతి ఏడుస్తున్నాడు. "ఎక్కడ పట్టుకున్నా ఊడొచ్చేస్తోందండీ..."

బిందు ఫోను పెట్టేయలేకపోయింది. ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. పిల్లని ఎత్తుకుని మెట్లెక్కింది, చీటీ రాయించింది, వరసలో బల్ల మీద కూర్చుంది. కాల్ తెగలేదు. మృదుల కళ్ళు తెరిచి, నాన్న ఎవరితో మాట్లాడుతున్నాడని అడిగింది.

మాట్లాడటం లేదు. జోల పాడుతున్నాడు. తెలిసిన పాట కాదు, తెలిసిన భాషా కాదు. ఒక్కో మాట దగ్గర ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా ఆడగొంతు ఆ మాట ముందు తను అంటోంది, తర్వాత అతను అంటున్నాడు. మధ్య మధ్యలో, సన్నగా, ఒక పసిబిడ్డ నవ్వుతోంది.